మేపుల్ ఎవాపరేటర్‌కు ఆవిరి హుడ్: లోహం ఎంపికపై చర్చ, తేలినవి, తేలనివి

ప్రశ్న స్వరూపం

కెనడాలోని క్విబెక్, ఒంటారియో ప్రావిన్సుల్లోనూ, అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్, మెయిన్ రాష్ట్రాల్లోనూ చలికాలం ముగుస్తున్న రోజుల్లో రాత్రిపూట గడ్డకట్టి పగలు కరిగే వాతావరణం ఏర్పడినప్పుడు మేపుల్ చెట్టు మానుకు చిన్న రంధ్రం చేసి రసం పడతారు. ఆ రసంలో చక్కెర సుమారు 2 శాతమే ఉంటుంది. అది సిరప్ కావాలంటే చక్కెర 66 శాతం దాటేదాకా కాచాలి. అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండేవారు పెనంలో పోసే చెరకు రసంలో చక్కెర 15 శాతానికి అటూ ఇటూగా ఉంటుందని గుర్తు చేసుకుంటే, మేపుల్ రసం కాచేవారి పని ప్రధానంగా నీటిని తోలివేయడమేనని తెలుస్తుంది. వెర్మాంట్ రసాయన శాస్త్రజ్ఞుడు సి. హెచ్. జోన్స్ పేరుతో వాడుకలో ఉన్న ‘86 సూత్రం’ ప్రకారం 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే ఒక లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో వస్తుంది. 2 శాతం రసమైతే 43 లీటర్లు కావాలి, అందులో సుమారు 42 లీటర్లు ఆవిరిగా పోవాలి. మరిగే స్థితిలో ఒక కిలో నీరు 1.67 ఘనపు మీటర్ల ఆవిరి అవుతుంది కనుక, ఒక్క లీటరు సిరప్ వెనుక దాదాపు 70 ఘనపు మీటర్ల ఆవిరి లేస్తుంది.

ఈ ఆవిరిని రసం కాచే పాకలోకి వదలకుండా పెనం మీదే పట్టి, పొగగొట్టంలాంటి ఆవిరి గొట్టం ద్వారా పైకప్పు దాటించే లోహపు కప్పునే ఆవిరి హుడ్ అంటారు. దాన్ని ఏ లోహంతో చేయాలన్న ప్రశ్న పైకి చిన్న కొలిమి పనిలా కనిపించినా, దానిలో ధర, బరువు, తుప్పు, వెల్డింగ్, ఆహార భద్రత, ఇంధనం ఆదా అనే వేరు వేరు విషయాలు కలిసిపోవడం వల్ల చర్చ చిక్కుపడింది. ఆ చిక్కుముడిని విప్పి, ఏ వాదానికి ఎంత బలముందో తూచి, మిగిలిన సందేహాలను విడదీసి చూపడం ఈ సమీక్ష ఉద్దేశం.

చరిత్ర: తెరిచిన పెనం నుంచి మూసిన హుడ్ దాకా

అబెనాకి, అనిషినాబె, హోడెనోషోనీ వంటి ఆదివాసీ జాతులు యూరోపియన్లు రాకముందే మేపుల్ రసాన్ని సేకరించి చిక్కబరిచేవారు. బెరడుతో చేసిన పాత్రలు వారి ప్రధాన సాధనాలు. వలసవాసులతో ఇనుప కాగులు వచ్చాయి. 19వ శతాబ్దంలో కాగు స్థానాన్ని వెడల్పాటి పెనాలు ఆక్రమించాయి. జొన్న జాతి మొక్క నుంచి తీసే తీపి రసం కాచడానికి ఒహాయో వాసి డి. ఎం. కుక్ 1858లో పేటెంటు పొందిన అడ్డుగోడల పెనం మేపుల్ రంగానికీ దారి చూపింది. రసం ఒక మూలన ప్రవేశించి, అడ్డుగోడల మధ్య మెలికలు తిరుగుతూ, మరో మూలకు చేరేసరికి చిక్కబడే పద్ధతి అది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో పెనం అడుగున మంటలోకి దిగే మడతలు పెట్టి వేడి తగిలే వైశాల్యం పెంచారు. నేటికీ ఎవాపరేటర్ అనే సాధారణ కాచే పరికరంలో వెనుక మడతల పెనం, ముందు చదునైన సిరప్ పెనం ఉంటాయి.

అప్పట్లో ఆవిరి పోవడానికి షుగర్‌హౌస్ అనే కాచే పాక పైకప్పు మీద తెరుచుకునే తలుపులతో ఒక గూడు ఉండేది. ఆ ఏర్పాటులో ఆవిరి దూలాలకు తగిలి చల్లబడి, దుమ్మూ మసీ కలిసిన చుక్కలుగా మళ్లీ పెనంలోకి రాలేది. హుడ్ రావడానికి మూడు కారణాలు ఒకదాని వెంట ఒకటిగా తోడయ్యాయి. మొదటిది పాకలో చూపు, ఊపిరి తెరిపిన పడడం. రెండవది పైనుంచి రాలే మురికి నుంచి పెనాన్ని కాపాడడం. మూడవది వృథాగా పోయే ఆవిరి వేడితో చల్లని రసాన్ని ముందుగా వేడిచేయడం. 1970లలో చమురు ధరలు పెరగడంతో మూడవ కారణానికి బలం చేకూరింది, హుడ్ లోపల ప్రీహీటర్ గొట్టాలు అమర్చడం విస్తరించింది.

1990లలో చర్చ మలుపు తిరిగింది. పాత పరికరాల టంకంలోనూ, సీసం తగరం కలిపి పూత పూసిన రేకులోనూ, జింకు పూసిన జీఐ రేకులోనూ, కంచు ఇత్తడి అమరికల్లోనూ ఉన్న సీసం సిరప్‌లోకి దిగుతుందన్న ఆందోళన ఆ దశకంలో గట్టిపడి, పరికరాల తయారీదారులు సీసపు టంకాన్ని విడిచిపెట్టారు. అంతకు ముందే 1986లో అమెరికా తాగునీటి చట్ట సవరణ మంచినీటి గొట్టాల టంకంలో సీసం 0.2 శాతం మించరాదని నిర్దేశించింది. ఈ సీసం ఆందోళన వల్ల, అప్పటిదాకా పెనాన్ని గురించి మాత్రమే వేసిన ప్రశ్నను హుడ్‌ను గురించి కూడా వేయక తప్పలేదు.

హుడ్ లోపల జరిగేది

లోహాలను పోల్చేముందు హుడ్‌లో నీటి ప్రయాణాన్ని గుర్తించాలి, ఎందుకంటే వాదాల్లో సగం ఆ ప్రయాణాన్ని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే. హుడ్‌లో నీరు మూడు చోట్ల ఏర్పడుతుంది.

మొదటిది ప్రీహీటర్ గొట్టాల మీద. 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చిన రసాన్ని 85 డిగ్రీలకు తేవడానికి కిలోకు సుమారు 335 కిలోజౌళ్ల వేడి కావాలి. ఒక కిలో ఆవిరి నీరుగా మారేటప్పుడు 2,257 కిలోజౌళ్లు విడుదలవుతాయి. కాబట్టి ప్రతి 100 కిలోల రసానికి దాదాపు 15 కిలోల నీరు గొట్టాల మీద ఏర్పడి జారుతుంది, కాచడానికి పట్టే మొత్తం వేడిలో ఎనిమిదో వంతు దాకా ఆదా అవుతుంది. రెండవది హుడ్ గోడల లోపలి ముఖం మీద. చల్లని పాకలో ఒక చదరపు మీటరు గోడ నుంచి 900 వాట్ల మేర వేడి బయటికి పోతుందనుకుంటే గంటకు 1.4 కిలోల నీరు ఏర్పడుతుంది. మూడవది పైకప్పు దాటి గడ్డకట్టే చలిలో నిలిచిన ఆవిరి గొట్టంలో. అక్కడ ఏర్పడిన నీరు గొట్టం లోపలి గోడ వెంట కిందికే దిగుతుంది.

ఈ నీరు స్వేదన జలంతో సమానమైనది, లవణాలు దాదాపు లేనిది. వాయువులు కరిగితే కొంచెం ఆమ్లత్వం పొందుతుంది. వేడిగానూ, లవణరహితంగానూ ఉండే నీరు లోహాల మీద రక్షణ పొర కట్టదు, పైగా ఉన్న పొరను కరిగిస్తుంది. అది ఎక్కడ పడుతుందన్నది హుడ్ ఆకారం తేలుస్తుంది. ఇడ్లీ పాత్ర మూత గుబ్బగా ఉంటే చుక్కలు అంచులకు జారుతాయి, చదునుగా ఉంటే నడిమధ్యన ఇడ్లీల మీదే రాలుతాయి. హుడ్‌కూ అదే న్యాయం వర్తిస్తుంది కనుక, గోడలు తగినంత వాలుగా ఉండి, అంచు చుట్టూ లోపలివైపు గాడి ఉండి, ఆ గాడికి బయటికి పోయే గొట్టం ఉంటేనే నీరు పెనం దాకా రాదు.

పెనంలో పడిన లోహం విషయంలో మరువరాని సూత్రం ఒకటుంది. నీరు ఆవిరైనా లోహం ఆవిరి కాదు. వడపోతలో పోయే కొంత భాగం మినహా, 43 లీటర్లలో కలిసిన లోహమంతా చివరికి ఒక్క లీటరు సిరప్‌లో మిగులుతుంది. అందువల్ల మామూలు వంట పాత్ర విషయంలో ఉపేక్షించదగిన కరుగుదల కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది.

లోహాల పక్షాలు

*అల్యూమినియం పక్షం.* తేలికదనం ఈ పక్షానికి మొదటి బలం. సిరప్ పెనం మీది హుడ్‌ను నురుగు చూడడానికీ, కడగడానికీ తాళ్లూ కప్పీలతో ఎత్తాల్సి వస్తుంది. బరువు తగ్గితే దూలాల మీద భారం, మనిషి శ్రమ రెండూ తగ్గుతాయి. రేకు చేతి పనిముట్లకే లొంగుతుంది, ఎర్రతుప్పు పట్టదు, ధర తక్కువ. ఎత్తిచూపే లోపాలు రసాయనికమైనవి. అల్యూమినియాన్ని కాపాడే ఆక్సైడు పొర ఆమ్లత్వ సూచిక పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 వరకే నిలకడగా ఉంటుంది. పెనాల అడుగున పట్టే గారను వదిలించడానికి వెనిగర్ కాచితే అందులోని ఎసిటిక్ ఆమ్లం ఆవిరితో పాటే హుడ్‌కు చేరుతుంది. కాస్టిక్ సోడా ఉన్న శుభ్రకాలు అంతకన్నా వేగంగా అల్యూమినియాన్ని తింటాయి. ఆరోగ్య విషయంలో, ఆహార సంకలితాలపై ఐక్యరాజ్య సమితి సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 2011లో వారానికి శరీరపు బరువులో కిలోకు 2 మిల్లీగ్రాముల అల్యూమినియం దాకా సహించవచ్చని నిర్ణయించింది. వంట పాత్రలుగా అల్యూమినియం లోకమంతటా వాడుకలో ఉన్నందున ఈ పక్షంవారు దానిని నిరపాయంగానే భావిస్తారు.

*304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు పక్షం.* సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ కలిగిన ఈ ఉక్కు పాల పరిశ్రమకూ సారాయి బట్టీలకూ అలవాటైనదే, నేటి మేపుల్ పెనాలు కూడా ఎక్కువగా దీనితోనే తయారవుతాయి. ఆమ్లాన్నీ క్షారాన్నీ ఒకే తీరుగా తట్టుకోవడం, వెల్డింగ్ తర్వాత అతుకు నున్నగా మిగలడం, పెనానికీ హుడ్‌కూ ఒకే శుభ్రకం చాలడం దీని బలాలు. బరువు, ధర, వెల్డింగ్ వేడికి పల్చని రేకు వంకరపోవడం దీని ఇబ్బందులు. క్లోరిన్ బ్లీచ్ దీనికి అసలు శత్రువు. ఆ ద్రావణం ఎండి నిలిస్తే స్టెయిన్‌లెస్ మీద కూడా గుంటలు పడతాయి.

*430 రకం పక్షం.* నికెల్ లేకుండా 16 నుంచి 18 శాతం క్రోమియంతో ఉండే ఈ రకం అయస్కాంతానికి అంటుకుంటుంది, 304 కన్నా చవక, వేడికి తక్కువగా సాగుతుంది. మడిచి రివెట్లతో బిగించే హుడ్‌కు ఇది సరిపోతుందని ఒక వర్గం వాదిస్తుంది. వెల్డింగ్ చేసిన చోట విరగకుండా తట్టుకునే గుణమూ తుప్పు నిరోధమూ తగ్గుతాయన్నది రెండవ వర్గం అభ్యంతరం. ఈ రెండు మాటలూ నిజమే కనుక, 430ను ఎంచుకున్నవారు అతికే పద్ధతిని కూడా దానితో పాటే నిర్ణయించుకోవలసి ఉంటుంది.

*జీఐ రేకు పక్షం.* జింకు పూసిన ఇనుప రేకు చౌక, దొరకడం సులువు, పాత పాకల్లో విరివిగా ఉన్నదీ ఇదే. అయితే జింకు రక్షణ తడి ఆరి, గాలిలోని కార్బన్ డయాక్సైడు తగిలి గట్టి పొర కట్టడం మీద ఆధారపడుతుంది. వేడి నీరు వారాల తరబడి తడుపుతూ ఉంటే ఆ పొర ఏర్పడదు, తెల్ల తుప్పు లేచి పూత కరిగిపోతుంది. పాత పూతల జింకులో కొద్దిపాటి సీసం కలిసి ఉండేది కూడా. జీఐ రేకును వెల్డింగ్ చేస్తే లేచే జింకు పొగ పీల్చినవారికి చలిజ్వరం తెప్పిస్తుంది. ఈ లోపాల దృష్ట్యా జీఐ పక్షం క్రమంగా వాదబలం కోల్పోయింది.

*రాగి.* హుడ్ రేకుగా రాగి అరుదు. దాని చోటు ప్రీహీటర్ గొట్టాల్లో. ఇక్కడ ఒక ముఖ్యమైన చిక్కు ఉంది. రాగి గొట్టం మీదుగా జారిన నీటిలో అతి స్వల్పంగా కరిగిన రాగి అల్యూమినియం మీద పడితే, అక్కడ రాగి కణాలు పేరుకుని ప్రతి కణమూ ఒక చిన్న విద్యుత్ ఘటంలా పనిచేసి అల్యూమినియానికి గుంటలు తొలుస్తుంది. అల్యూమినియం హుడ్‌లో రాగి ప్రీహీటర్ అనే చవక జోడీ పైకి సహజంగా తోచినా, రసాయనికంగా సరిపడనిది.

పోలిక: అంకెల్లో

కింది పట్టికలో బరువు ఒక మిల్లీమీటరు మందం రేకుకు లెక్కించినది. సాగుదల 3 మీటర్ల పొడవు హుడ్ 80 డిగ్రీలు వేడెక్కినప్పటిది. మిశ్రమలోహపు రకాన్ని బట్టి అంకెలు కొంత మారుతాయి.

| లోహం | చదరపు మీటరు బరువు (కిలోలు) | సాగుదల (మి.మీ.) | ఉష్ణ వాహకత (మీటరుకు, డిగ్రీకి వాట్లు) |
|---|---|---|---|
| అల్యూమినియం | 2.7 | 5.6 | సుమారు 160 |
| 304 స్టీలు | 8.0 | 4.2 | 16 |
| 430 స్టీలు | 7.7 | 2.5 | 26 |
| జీఐ రేకు | 7.9 | 2.9 | సుమారు 50 |
| రాగి | 8.9 | 4.1 | సుమారు 390 |

బరువు వరుసను చదివేటప్పుడు బిగువును కూడా చూడాలి. అల్యూమినియం వంగుడు స్వభావం ఉక్కుకు దాదాపు మూడింతలు కాబట్టి, అంతే బిగువు కావాలంటే రేకు సుమారు 1.4 రెట్లు మందంగా ఉండాలి. అప్పటికీ బరువు స్టీలులో సగం కన్నా తక్కువే. గేజ్ సంఖ్యలను నేరుగా పోల్చడం మరో పొరపాటు. 20 గేజ్ స్టెయిన్‌లెస్ రేకు 0.95 మిల్లీమీటర్లు, 20 గేజ్ అల్యూమినియం రేకు 0.81 మిల్లీమీటర్లు, అందుచేత కొనుగోలులో మిల్లీమీటర్లే నమ్మదగిన కొలత.

నిలవని ఒక వాదం: ఉష్ణ వాహకత

అల్యూమినియం వేడిని త్వరగా వదులుతుంది కనుక దాని హుడ్‌లో ఎక్కువ నీరు కారుతుందనీ, స్టెయిన్‌లెస్ వేడిని పట్టి ఉంచుతుందనీ తరచుగా చెబుతారు. పట్టికలో వాహకతల మధ్య పది రెట్ల తేడా ఈ మాటకు ఆధారంలా కనిపిస్తుంది. కానీ వేడి బయటికి పోయే దారిలో అసలు అడ్డు రేకు కాదు, రేకు బయట నిలిచిన గాలి. ఆ గాలి పొర చూపే నిరోధం 0.95 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ రేకు చూపే నిరోధానికి వెయ్యి రెట్లకు పైగా ఉంటుంది. రేకును ఏ లోహంతో చేసినా గోడ మీద కారే నీటి పరిమాణం దాదాపు ఒకటే. దాన్ని నిజంగా తగ్గించాలంటే రెండు పొరల గోడ కట్టడమో, బయట ఉష్ణరోధకం చుట్టడమో చేయాలి.

ప్రీహీటర్ గొట్టాల విషయంలోనూ రాగి ఆధిక్యం అనుకున్నంత లేదు. గొట్టం లోపల నెమ్మదిగా కదిలే రసమే వేడికి ప్రధానమైన అడ్డు కనుక, రాగికి బదులు పల్చని స్టెయిన్‌లెస్ గొట్టం పెడితే కలిగే నష్టం కొద్ది శాతమే. వైశాల్యం కాస్త పెంచితే అదీ భర్తీ అవుతుంది.

అతుకులు: రేకు కన్నా ముఖ్యమైన చోటు

చర్చ రేకు చుట్టూ తిరిగినా, చరిత్రలో సిరప్‌కు సీసం అంటిన ముఖ్య మార్గాల్లో అతుకు ఒకటి. టంకం వేయాలంటే సీసం లేని తగరం వెండి మిశ్రమం, రాగి గొట్టాలకు గట్టి మాటు వేయాలంటే కాడ్మియం లేని వెండి మిశ్రమం వాడాలన్నదానిపై నేడు భిన్నాభిప్రాయం లేదు. రివెట్ల విషయంలో ఏది పెద్దది, ఏది చిన్నది అన్న లెక్క పనిచేస్తుంది. పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టెయిన్‌లెస్ రివెట్ పెడితే హాని పెద్ద వైశాల్యంలో పలచబడుతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ రేకులో చిన్న అల్యూమినియం రివెట్ పెడితే హానంతా ఆ రివెట్ మీదే కేంద్రీకృతమై అది త్వరగా క్షీణిస్తుంది. సందులు పూడ్చే సిలికాన్ ఆహారానికి తగిన రకమై ఉండాలి. మడతల్లో నీరు నిలిచే చోటు మిగిలితే ఏ లోహమైనా అక్కడి నుంచే చెడడం మొదలవుతుంది.

నిబంధనల దృష్టి

ఆహార భద్రత ఆధునికీకరణ చట్టం 2011లో వచ్చాక, దాని కింద అమెరికా ఆహార ఔషధ సంస్థ 2015లో వెలువరించిన నియమాలు ఆహారం తాకే ఉపరితలాలను నిర్వచించాయి. ఆహారాన్ని నేరుగా తాకేవాటితో పాటు, మామూలుగా పని జరిగేటప్పుడు ఏ ఉపరితలం నుంచి కారినది ఆహారంలోకి చేరుతుందో అది కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఆ సంస్థే రూపొందించిన నమూనా ఆహార నియమావళి ఆమ్లత్వం ఉన్న ఆహారానికి జింకు పూతను, పీహెచ్ 6 కన్నా తక్కువ ఉన్న ఆహారానికి రాగిని నిషేధిస్తుంది. మేపుల్ రసం తాజాగా ఉన్నప్పుడు తటస్థానికి దగ్గరగా ఉన్నా, రసం పట్టే కాలం చివర వేడెక్కిన రోజుల్లో సూక్ష్మజీవులు పెరిగితే ఆమ్లత్వం వైపు జారుతుంది.

ఈ నిర్వచనం చర్చకు గొప్ప మేలు చేసింది. హుడ్ ఆహారం తాకేదా కాదా అన్న ప్రశ్నకు లోహం పేరు జవాబు కాదు, నీటి దారి జవాబు. పూర్తిగా గాడిలోకి కారి బయటికి పోయే హుడ్ ఒక కప్పు మాత్రమే. చుక్క వెనక్కి పడే హుడ్ పెనంలో ఒక భాగం.

ఇంకా తేలని విషయాలు

మొదటిది, గాడి సరిగా ఉన్న అల్యూమినియం హుడ్ దీర్ఘకాలంలో ఎంత నమ్మదగినది అన్నది. నురుగు ఎగసి హుడ్‌ను తాకే రోజులు, గాడి మూసుకుపోయే రోజులు ఏ పాకలోనైనా ఉంటాయి. ఆ అసాధారణ రోజులను లెక్కలోకి తీసుకునేవారు స్టెయిన్‌లెస్ వైపు, సగటు రోజును లెక్కించేవారు అల్యూమినియం వైపు మొగ్గుతారు. ఇది విలువల మధ్య భేదం కనుక అంకెలు ఒక్కటే దీనిని తీర్చలేవు.

రెండవది, పాత జీఐ హుడ్‌ల భవితవ్యం. వెంటనే తీసివేయాలన్నవారికి ఆరోగ్యం ఆధారం; గాడి అమర్చి కొన్నేళ్లు నడపవచ్చన్నవారికి చిన్న ఉత్పత్తిదారుల ఆదాయ పరిమితి ఆధారం. సిరప్‌ను సీసం కోసం పరీక్షించి నిర్ణయించడం ఈ రెండు వైపులనూ కలిపే మార్గం.

మూడవది, గాడిలో పట్టిన వేడి నీటి వినియోగం. పరికరాలు కడగడానికి అది అమూల్యమే అయినా, హుడ్ లోహాన్ని బట్టి దాని శుద్ధత మారుతుంది. ఆ నీటితో రసం తాకే గొట్టాలను కడిగితే మళ్లీ లోహం ప్రశ్న వెనుక దారిన తిరిగివస్తుంది.

నాలుగవది, మారుతున్న సాంకేతికత. పొర ద్వారా రసాన్ని ఒత్తిడితో నెట్టి నీటిని వేరుచేసే రివర్స్ ఆస్మాసిస్ రసాన్ని 8 శాతానికి చేర్చితే నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరి కాకుండానే పోతుంది, హుడ్ పరిమాణం కూడా తగ్గుతుంది. ఆవిరిని యంత్రంతో నొక్కి దాని వేడితోనే మళ్లీ రసాన్ని కాచే విద్యుత్ ఎవాపరేటర్లలోనైతే హుడ్ అనేదే మూసిన పాత్రగా మారి, స్టెయిన్‌లెస్‌కు ప్రత్యామ్నాయం లేకుండా పోతుంది. అప్పుడు ఈ చర్చ చిన్న పాకలకే పరిమితమవుతుందా అన్నది వేచి చూడవలసిందే.

సమన్వయం

వాదాలన్నిటినీ పక్కపక్కన పెడితే, ప్రశ్నను అడిగే క్రమంలోనే పొరపాటు జరిగిందని తేలుతుంది. లోహం ఎంచుకున్న తర్వాత నీటి దారిని ఆలోచించడం కాక, నీటి దారి గీసుకున్న తర్వాత లోహాన్ని ఎంచుకోవాలి. నీరు వెనక్కి పడే అవకాశం ఉన్న చోట, అంటే చదునైన భాగాల్లో, సిరప్ పెనం పైన, నిలువు ఆవిరి గొట్టంలో, 304 స్టెయిన్‌లెస్ వాదం బలమైనది. వాలు, గాడి, బయటికి పోయే గొట్టం పక్కాగా ఉండి, పైన రాగి లేనిచోట, క్షార శుభ్రకాలకు దూరంగా ఉంచగలిగితే అల్యూమినియం వాదం నిలుస్తుంది. మడిచి రివెట్లతో బిగించే పనికి 430 మధ్యే మార్గం. పెనం మీది కొత్త హుడ్‌కు జీఐ రేకును సమర్థించే వాదం మిగలలేదు.

ఆవిరి గొట్టం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. హుడ్‌కు మంచి లోహం పెట్టినవారు సైతం పైకప్పు దాటే గొట్టం దగ్గర పొదుపు చేసి జీఐ రేకు వాడడం కద్దు. అతి చల్లని భాగం అదే, అక్కడ కట్టే నీరు దిగేది సరిగ్గా పెనం మీదికే. పరిమితమైన డబ్బు ఉన్న పాకకు ఖర్చు క్రమం దీన్నిబట్టే ఏర్పడుతుంది: మొదట గాడీ వాలూ, తర్వాత గొట్టమూ దాని అడుగున నీరు పట్టే వలయమూ, ఆపైన అతుకులు, చివర రేకు. ఈ క్రమం పాటించిన హుడ్‌లో లోహం ఎంపిక ధరనూ బరువునూ బట్టి జరుపుకోగల నిర్ణయం అవుతుంది. పాటించని హుడ్‌లో ఎంత ఖరీదైన స్టీలు పెట్టినా మసీ దుమ్మూ కలిసిన చుక్క సిరప్‌లో పడుతూనే ఉంటుంది.